విటాలిక్ బ్యుటెరిన్ గారికి: లెక్క ఊరి ముందు చదవాలి

విటాలిక్ బ్యుటెరిన్ గారికి,



2021 మే 10 రాత్రి తిరుపతి రుయా ఆసుపత్రిలో ఆక్సిజన్ ఒత్తిడి పడిపోయి 11 మంది కోవిడ్ రోగులు చనిపోయారు. ట్యాంకరు రావడం ఆలస్యమైంది. దేశమంతా అలాగే ఉంది అప్పుడు. సిలిండరు ఎక్కడ దొరుకుతుందో, ఏ ఆసుపత్రిలో మంచం ఖాళీ ఉందో కనుక్కోవడానికి జనం రాత్రంతా ఫోన్లు పట్టుకుని కూర్చున్నారు. ఆ వారంలోనే, క్రిప్టో రంగంలోని సందీప్ నైల్వాల్ మొదలుపెట్టిన భారత కోవిడ్ క్రిప్టో నిధికి మీరు 50 లక్షల కోట్ల షిబా ఇను అనే క్రిప్టో టోకెన్లు పంపారు. ఆనాటి ధరకు లెక్కకడితే వంద కోట్ల డాలర్ల పైమాటే. మీరు అడగకుండానే ఆ టోకెన్ల సృష్టికర్తలు మీ వాలెట్‌లో వేసినవి అవి. మీరు వాటిని ఉంచుకోలేదు. ముందుగా అందుకు కృతజ్ఞతలు చెప్పి, తర్వాతే మిగతా మాట మాట్లాడతాను.

మీ వాలెట్ నుంచి ఏ నిమిషంలో ఎన్ని టోకెన్లు కదిలాయో ఈ రోజుకీ ఎవరైనా మీరు రూపొందించిన ఎథీరియం బ్లాక్‌చైన్ లెడ్జర్, అంటే అందరికీ తెరిచి ఉన్న ఆ లెక్కల పుస్తకం, చూసుకోవచ్చు. అంత మొత్తం ఒక్కసారి అమ్మితే ధర కుప్పకూలుతుంది కాబట్టి నిధి వాళ్లు ఆచితూచి అమ్మారు. చేతికి వచ్చింది కాగితం మీది విలువ కంటే బాగా తక్కువ. అందులో కోటిన్నర డాలర్లు యూనిసెఫ్ ద్వారా సిరంజిల కొనుగోలుకు ఇస్తున్నట్టు ప్రకటన వచ్చింది. 2022 జనవరిలో పది కోట్ల డాలర్లు తిరిగి మీకే పంపారు, కోవిడ్ పరిశోధనల మీద మీరే నేరుగా వేగంగా ఖర్చు పెట్టగలరని. ఇక్కడ వేగం ఎందుకు కుదరలేదో మాకు తెలుసు. 2020లో విదేశీ విరాళాల చట్టాన్ని సవరించారు. ఒక సంస్థ తీసుకున్న విదేశీ సొమ్మును ఇంకో సంస్థకు ఇవ్వకూడదు. అందరూ ఢిల్లీలోని ఒకే స్టేట్ బ్యాంకు శాఖలో ఖాతా తెరవాలి. ఊళ్లలో పనిచేసే చిన్న సంస్థలకు పెద్ద సంస్థల ద్వారా డబ్బు చేరే దారి మహమ్మారి మధ్యలో మూసుకుపోయి ఉంది.

నా ప్రశ్న చట్టం గురించి కాదు. ఆ సిరంజిలు ఏ పీహెచ్‌సీకి చేరాయి? ఏ వారంలో చేరాయి? అక్కడి ఏఎన్ఎం అవి వచ్చాయని అన్నదా, రాలేదన్నదా? లెడ్జర్‌లో ఈ ప్రశ్నకు జవాబు లేదు, ఉండే వీలూ లేదు. టోకెను రూపాయిగా మారిన చోట గొలుసు తెగిపోతుంది. నిధి నడిపినవాళ్ల మీద నాకు ఏ అనుమానమూ లేదు. వాళ్లు ఎంత నిజాయతీగా ఉన్నా ఆ తెంపు అలాగే ఉంటుంది. దాత చేతి నుంచి డబ్బు బయలుదేరడాన్ని మీ సాంకేతికత అద్భుతంగా చూపిస్తుంది. అది ఎవరి కోసం బయలుదేరిందో ఆ మనిషికి చేరడాన్ని చూపించలేదు. ఉమ్మడి అవసరాలకు బ్లాక్‌చైన్ ద్వారా నిధులు సమకూర్చాలని ఏళ్ల తరబడి పట్టుదలగా పనిచేస్తున్నారు కాబట్టి ఈ లేఖ మీకే రాస్తున్నాను.

మీ పట్టుదల మీద నాకు గౌరవం ఉంది. 2018లో జోయీ హిట్జిగ్, గ్లెన్ వైల్‌లతో కలిసి మీరు రాసిన పత్రంలోని సూత్రం చదివినప్పుడు మా ఊళ్లే గుర్తొచ్చాయి. చదువరుల కోసం ఒకసారి చెబుతాను. ఒక పనికి ఎవరెవరు ఎంత చందా ఇచ్చారో చూసి, ఒక్కొక్కరి చందాకు వర్గమూలం కట్టి, వాటిని కూడి, ఆ మొత్తాన్ని వర్గం చేస్తారు. ఆ పనికి రావలసింది అంత. చందాలు పోగా తక్కువ పడింది ఉమ్మడి నిధి నుంచి కలుపుతారు. ఒకే మనిషి వంద రూపాయలు ఇస్తే ఆ పనికి వచ్చేది వందే. వంద మంది తలా రూపాయి ఇస్తే పదివేలు. నిధి చిన్నదైతే అందరికీ ఆ దామాషాలో తగ్గిస్తారు, అంతే.

కృష్ణా, గుంటూరు జిల్లాల ఊళ్లకు అమెరికా నుంచి బాగానే డబ్బు వస్తుంది. బడికి గది, మంచినీళ్ల ప్లాంటు, కల్యాణ మండపం, ఊరి మొదట్లో ముఖద్వారం. ఇచ్చేవాళ్ల ప్రేమలో లోటు లేదు. కానీ ఏం కట్టాలో ఇచ్చేవాళ్లే నిర్ణయిస్తారు, శిలాఫలకం మీద పేరు వాళ్లదే ఉంటుంది. మురుగు కాలువకు శిలాఫలకం ఎవరూ వేయించరు. దళితవాడలో వానాకాలం మోకాలి లోతు నీళ్లు నిలుస్తున్నా, ఊరికి రెండో ముఖద్వారం లేస్తుంది. మీ సూత్రం ప్రకారం వాడలో రెండు వందల ఇళ్లవాళ్లు తలా పది రూపాయలు వేస్తే ఉమ్మడి నిధి కాలువ వైపే మొగ్గుతుంది. ఇంతమందికి ఇది కావాలి అన్న మాటకు డబ్బులో బరువు ఇచ్చిన పద్ధతి ఇంకొకటి నాకు తెలియదు.

సాఫ్ట్‌వేర్ ప్రపంచంలో అది పనిచేసింది కూడా. 2014లో హార్ట్‌బ్లీడ్ అనే భద్రతా లోపం బయటపడినప్పుడు, లోకంలోని వెబ్‌సైట్లలో సింహభాగం ఆధారపడిన ఓపెన్ఎస్ఎస్ఎల్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌కు ఏడాదికి వచ్చే విరాళాలు రెండు వేల డాలర్ల దగ్గరే ఉన్నాయని తెలిసి అందరూ నివ్వెరపోయారు. అందరికీ కావాలి, ఎవరికీ పట్టదు. అలాంటి పనులకు మీ సూత్రం మీద 2019లో చిన్నగా మొదలైన గిట్‌కాయిన్ గ్రాంట్లు ఇప్పటికి ఐదు కోట్ల డాలర్లు దాటాయి. జీతమిచ్చే యజమాని లేని కోడును కాచుకుని కూర్చున్న ఎంతోమందికి అవి అన్నం పెట్టాయి.

ఆ సూత్రానికి ఉన్న బలహీనత మీకు నాకంటే బాగా తెలుసు. ఒకే మనిషి తన వంద రూపాయలను వంద ఖాతాల్లో వేస్తే అదే పదివేలు వస్తుంది. ఖాతా వెనక మనిషి ఉన్నాడా, ఒకడేనా, డబ్బుకు అమ్ముడుపోయి ఇచ్చాడా అన్నది తేల్చడానికే మీవాళ్ల శ్రమలో చాలా భాగం పోతోంది. 2023 జూలైలో మనుషుల్ని కనుపాపతో గుర్తించే యంత్రాలతో వరల్డ్‌కాయిన్ అనే ప్రాజెక్టు బయటికొచ్చినప్పుడు మీరు ఆ విషయం మీద వివరంగా రాశారు. శరీర గుర్తులతో తేల్చడం, తెలిసినవాళ్ల సాక్ష్యంతో తేల్చడం, రెండింటి కష్టనష్టాలూ తూచారు.

శరీర గుర్తుల సంగతి మాకు అనుభవంలో ఉంది. ఆంధ్రప్రదేశ్ రేషన్ షాపుల్లో ఈ-పాస్ యంత్రాలు పెట్టాక "వేలిముద్ర పడలేదు" అనే మాట ఇంటింటి మాటైంది. మట్టి పని చేసి, బండలు మోసి, గిన్నెలు తోమి గీతలు అరిగిపోయిన వేళ్లవి. యంత్రం కాదన్న ముసలమ్మను ఆ వీధిలో తెలియనివాళ్లు లేరు. డీలరుకు తెలుసు, క్యూలో వెనక నిలబడ్డవాళ్లకు తెలుసు. అయినా బియ్యం లేకుండా వెనక్కి నడవాల్సి వచ్చేది. దొంగను ఆపడానికి పెట్టిన తలుపు దగ్గర ముందు ఆగేది ఎప్పుడూ బీదవాళ్లే. ఉమ్మడి నిధుల్లో ఎవరి రూపాయి లెక్కకొస్తుందో తేల్చే పని యంత్రానికి అప్పగించే ముందు, దయచేసి ఆ క్యూను తలచుకోండి.

తెలిసినవాళ్ల సాక్ష్యం మీద నడిచిన పద్ధతి ఒకటి మా దగ్గర ఉంది. దాని గురించి చెప్పాలనే ఇంత దూరం వచ్చాను.

2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఉపాధి హామీ పథకం మొదలైంది. ఉపాధి హామీ చట్టంలోని 17వ సెక్షను, జరిగిన పనులన్నిటి మీదా గ్రామసభ సామాజిక తనిఖీ చేయాలంది. ఆ ఆలోచనకు విత్తనం రాజస్థాన్‌లో పడింది. 1994లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ అనే కూలీల, రైతుల సంఘం వాళ్లు పంచాయతీ లెక్కల్ని జనం ముందు గట్టిగా చదివించారు. దాన్నొక ప్రభుత్వ వ్యవస్థగా, జిల్లా తర్వాత జిల్లాలో, ఏటేటా నడిపించింది మాత్రం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్. 2009లో దానికోసం విడిగా ఒక సొసైటీ కూడా ఏర్పాటైంది. ఆ తనిఖీలను నేను దగ్గరగా చూశాను, కొన్నింటిలో కాగితాలు మోశాను.

పద్ధతి ఇలా ఉండేది. పనికి వెళ్లే కుటుంబాల్లోంచే చదువుకున్న అబ్బాయిలనూ అమ్మాయిలనూ తీసుకుని శిక్షణ ఇచ్చేవారు. ఎవరినీ సొంత ఊరికి పంపరు. మండల ఆఫీసు నుంచి మస్టర్లు (హాజరు పట్టీలు), ఎం-బుక్కులు (పని కొలతల పుస్తకాలు), చెల్లింపు కాగితాలు తీసుకుని వాళ్లు ఊళ్లో దిగుతారు. అక్కడే ఉంటారు. ఇంటింటికీ వెళ్లి, జాబ్ కార్డు చూసి, "అమ్మా, ఫలానా వారం ఫలానా చెరువు పూడికతీతలో ఆరు రోజులు చేసినట్టు ఉంది, ఇంత కూలి తీసుకున్నట్టు ఉంది, నిజమేనా?" అని అడుగుతారు. చెప్పింది రాసుకుని, చదివి వినిపించి, సంతకమో వేలిముద్రో వేయించుకుంటారు. ఆ వేలిముద్రను ఏ యంత్రమూ తిప్పికొట్టదు. తర్వాత టేపు పట్టుకుని పని జరిగిన చోటికి పోయి కొలుస్తారు. ఎం-బుక్కులో మీటరు లోతు ఉంటుంది, గుంటలో జానెడు ఉంటుంది. ఊళ్లో గ్రామసభ అయ్యాక, మండల కేంద్రంలో షామియానా వేసి ప్రజావేదిక పెడతారు. జిల్లా అధికారి కూర్చుంటాడు. ఫీల్డ్ అసిస్టెంటు, టెక్నికల్ అసిస్టెంటు, ఎంపీడీఓ అందరూ ఉంటారు. ఒక్కో ఊరి లెక్క మైకులో చదువుతారు.

అప్పుడు జనంలోంచి ఎవరో లేచి, "ఆ వారం నేను పనికే రాలేదు సార్, మా అమ్మాయి కాన్పుకు పోయినాను" అంటారు. ఇంకొకరు, "ఆ పేరు మా నాయనది. ఆయన పోయి రెండేండ్లయింది" అంటారు.

ఈ మస్టర్లన్నీ అప్పటికే కంప్యూటర్లో ఉన్నాయి. ఉపాధి హామీ లెక్కల్ని మొదటినుంచీ కంప్యూటరుకెక్కించిన రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ముందువరుసలో ఉంది. ఎవరు ఎన్ని రోజులు చేశారో, ఎంత తీసుకున్నారో వెబ్‌సైట్లో పేర్లతో సహా ఉండేవి. అంటే మీరు కోరుకునే తెరిచిన లెడ్జర్ మా దగ్గర ఉంది. చనిపోయినవాళ్లు, ఊరు విడిచి వలస పోయినవాళ్లు కూలికి వచ్చినట్టు ఆ లెడ్జర్‌లో రాసి ఉంది, అందరికీ కనిపించేలాగే. ఎవరూ పట్టుకోలేదు. పేరు పైకి చదివాక, ఆ పేరు ఎరిగిన మనిషి విన్నాక పట్టుబడింది.

బ్లాక్‌చైన్‌లో రాసింది చెరపలేరని మీవాళ్లు గర్వంగా చెబుతారు. 2017లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కూడా భూమి రికార్డులను అందులో పెట్టే ప్రయత్నానికి దిగింది, ట్యాంపరింగు ఉండదన్న ఆశతో. అయితే రికార్డు గొలుసులోకి ఎక్కే రోజునే పట్టాదారు పేరు తప్పైతే, చెరపలేనితనం ఆ తప్పుకే కాపలా కాస్తుంది. దాన్ని పట్టగలిగింది పక్క పొలం రైతు ఒక్కడే. అతన్ని అడిగే ఏర్పాటు ముందు ఉండాలి, గొలుసు తర్వాత.

సామాజిక తనిఖీ అంతా సాధించేసిందని చెప్పను. తిన్నారని తేలిన సొమ్ములో తిరిగి వసూలైంది కొద్ది భాగమే. ఊళ్లో పెద్దల కన్ను పడిందని నోరు విప్పనివాళ్లున్నారు. తనిఖీకి వచ్చిన పిల్లల మీద ఒత్తిళ్లు వచ్చాయి. తనిఖీ చేసేవాళ్ల జీతాలు, తిండి, బస్సు ఛార్జీలు తనిఖీకి గురయ్యేవాళ్ల చేతిలో ఉంటే ఏ గతి పడుతుందో కూడా చూశాం. అందుకే పథకం ఖర్చులో అర శాతం వరకు తనిఖీకే విడిగా తీసిపెట్టాలన్న నియమం వచ్చింది. ఆ అర శాతం మీద మీ దృష్టి నిలపమని అడుగుతున్నాను.

మీ ప్రపంచంలో, ఎథీరియం మీద నడిచే ఆప్టిమిజం నెట్‌వర్క్ వాళ్లు చేసింది మా సామాజిక తనిఖీకి దగ్గరగా వచ్చింది. ముందు పని జరగనీ, మేలు కనబడ్డాక డబ్బిద్దాం అన్న ఆలోచన మీరూ వాళ్లూ కలిసి 2021లో ముందుకు తెచ్చారు. ఏది పనికొస్తుందో ముందే చెప్పడం కంటే ఏది పనికొచ్చిందో చూసి చెప్పడం తేలిక అన్నది అక్షరాలా నిజం. ప్రజావేదిక నిలబడిందే దాని మీద. మూడో విడతలో 501 ప్రాజెక్టులకు 3 కోట్ల ఓపీ టోకెన్లు పంచారు. చూసి ఓటేసింది మాత్రం ఓటు హక్కిచ్చే బ్యాడ్జి ఉన్న కొద్దిమంది. ఎక్కువమంది ఆ రంగం మనుషులే. కోడు విషయంలో అది కొంతవరకు సరే, కోడు మంచిచెడ్డలు కోడు రాసేవాళ్లకు తెలుస్తాయి. అదే పద్ధతిలో ఒక పీహెచ్‌సీకో, చెరువు తూముకో డబ్బివ్వబోతే, బ్యాడ్జి ఎవరికి ఉండాలి? తూము కింద చివరి మడి ఎవరిదో వాళ్లకు. నీళ్లు అక్కడిదాకా పారాయో లేదో ఆ మనిషిని మించిన సాక్షి లేడు.

ఇంకో అడ్డంకి ఉంది. ఇది చిన్నదిగా కనిపిస్తుంది గానీ సూత్రం మొత్తాన్నీ తలకిందులు చేస్తుంది. మీ సూత్రంలో బలమంతా చిన్న చందాది. మా దగ్గర ఆ చిన్న చందా మీ దాకా రాదు. తెలుగు యూనికోడ్ ఫాంట్లు, కీబోర్డులు, తెలుగు వికీపీడియా, వీటి మీద ఎంతోమంది జీతం లేకుండా ఏళ్లు ధారపోశారు. ఫోన్లో తెలుగు చదివే ప్రతివాడూ వాళ్లకు బాకీ. కరీంనగర్‌లో ఒక టీచరు వాళ్లకు పది రూపాయలు ఇద్దామనుకుంటే మీ దారిలో ఏం చేయాలి? ఎక్స్ఛేంజిలో ఖాతా తెరవాలి, కేవైసీ ఇవ్వాలి, టోకెను కొనాలి, వాలెట్ పెట్టుకుని దాని రహస్య పదాలు జాగ్రత్త చేసుకోవాలి. 2022 నుంచి క్రిప్టో లాభాల మీద 30 శాతం పన్ను, బదిలీల మీద 1 శాతం టీడీఎస్ పడ్డాయి కాబట్టి ఆ లెక్కా పట్టుకోవాలి. పది రూపాయల కోసం ఇంత ఎవరు చేస్తారు? చేసేది క్రిప్టో తెలిసిన కొందరే. అప్పుడు ఎంతమందికి కావాలన్న లెక్క కాస్తా ఎంతమందికి వాలెట్ ఉందన్న లెక్కగా మారిపోతుంది.

అదే టీచరు కూరగాయల బండి దగ్గర పది రూపాయలు యూపీఐలో రెండు క్షణాల్లో పంపుతుంది, ఖర్చేమీ లేకుండా. చందా యూపీఐలో రానివ్వండి. ఎవరి పేరూ బయటపడకుండా ఎన్ని చందాలు, ఎంతెంత అన్నది మాత్రం గొలుసులో రాయండి. కలపాల్సిన నిధి విదేశంలో ఉంటే విదేశీ విరాళాల చట్టం అడ్డొస్తుంది కాబట్టి, ఆ నిధిని ఇక్కడివాళ్ల డబ్బుతోనే ఇక్కడే పెట్టే మార్గం వెతకాలి. హైదరాబాదులో, విశాఖలో ఈ రంగంలో సంపాదించినవాళ్లు లేకపోలేదు. మీ మాట వాళ్లు వింటారు. నా మాట వినరు.

2025లో మీరు, ప్రజాహిత నిధుల గురించి మాట్లాడటం తగ్గించి ఓపెన్ సోర్స్ నిధుల గురించి ఎక్కువ మాట్లాడదామని రాశారు. ప్రజాహితం పేరు చెప్పి ఎవరికి తోచింది వాళ్లు అందులో దూరుస్తున్నారన్న మీ బాధ అర్థమైంది. దూరుస్తారు. మా ఊళ్లో ముఖద్వారం కట్టినవాళ్లు కూడా ప్రజల కోసమే అన్నారు. కానీ దానికి మందు, కోడు దాకా వెనక్కి తగ్గి అక్కడే ఆగిపోవడం కాదని నా గట్టి నమ్మకం. ప్రజల కోసం అన్నప్పుడు ఆ ప్రజలు కూర్చుని "మాకు అందింది, అందలేదు" అని చెప్పే చోటు లేకపోవడం వల్లే ఆ పేరు ఎవరికి పడితే వాళ్లకు దొరికిపోతోంది.

కాబట్టి నేను అడిగేది ఇది. ఎథీరియం ఫౌండేషన్ గానీ, మీరు గానీ చేయి కలిపే ప్రతి ఉమ్మడి నిధిలోనూ అర శాతం, ఆ డబ్బు ఎవరి కోసమో వాళ్ల ముందు, వాళ్ల భాషలో లెక్క చదవడానికి తీసిపెట్టండి. దాన్ని నిధి నడిపేవాళ్ల చేతికి ఇవ్వకండి. మొదటిరోజే స్మార్ట్ కాంట్రాక్టులో, అంటే తనంతట తానే అమలయ్యే కోడు ఒప్పందంలో, విడిగా తాళం వేయండి, ఎవరూ తర్వాత లాక్కోలేకుండా. తీసిపెట్టిన సొమ్మును ఎవరూ తిరిగి ముట్టుకోకుండా ఉంచడంలో మీ సాంకేతికతకు సాటి లేదు. మా తనిఖీ వ్యవస్థకు ఎప్పుడూ దొరకని రక్షణ అదే. లెక్క చదివే సభ తేదీ నిధి ప్రకటనలోనే ఉండాలి. ఆఖరి విడత డబ్బు సభ అయ్యాకే కదలాలి. లెక్క చదివే పిల్లలు ఆ సేవ వాడుకునే ఇళ్లలోంచే రావాలి, తమ ఊరు కాని ఊరికి వెళ్లాలి.

మొదలు చిన్నగా చాలు. ఒక విడత తెలుగు ఫాంట్లకు, కీబోర్డులకు. వాడేవాళ్లు లక్షల్లో ఉన్నారు, వాళ్ల ముందు లెక్క పెట్టడం కష్టం కాదు. రెండోది అనంతపురం జిల్లాలో ఒకే ఒక్క చెరువుకు, దాని తూముకు, కాలువకు, కట్టిన తర్వాత మూడేళ్ల మరమ్మతుకు కూడా కలిపి. తనిఖీ ఎలా చేయాలో తెలిసినవాళ్లు ఆ జిల్లాలో ఇప్పటికీ ఉన్నారు, శిక్షణ ఇవ్వడానికి వస్తారు.

ప్రజావేదిక మీద ఎప్పుడూ ఒక అధికారి ఉండేవాడు, అక్కడికక్కడే చెల్లింపు ఆపమని, వసూలు చేయమని రాసే అధికారంతో. ఆ కుర్చీ ఖాళీగా ఉన్న సభలకు జనం రెండోసారి రాలేదు. మీ సభకు మీరే రావాలని అడగను. ఆఖరి విడత తాళంచెవుల్లో ఒకటి చేతిలో ఉన్న మనిషి, తెలుగు అర్థమయ్యే మనిషి, ఆ రోజు పొద్దున్నుంచి చివరి ఊరి లెక్క చదవడం అయ్యేదాకా ఆ కుర్చీలో కూర్చోవాలి.

ఇట్లు,
సామాజిక తనిఖీల్లో కాగితాలు మోసిన ఒక తెలుగువాడు,
అనంతపురం